మలుపులో కారు మాట వినకపోతే: ఈఎస్‌సీ ఏం చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది?

క్లుప్తంగా: ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, పొట్టిగా ఈఎస్‌సీ, స్టీరింగ్ చెప్పినట్టు కారు తిరగడం లేదని గుర్తించగానే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని దారికి తెస్తుంది. టైర్లకు లేని పట్టును ఇది కొత్తగా పుట్టించదు, ఉన్న పట్టును సర్దుతుంది. మన దేశంలో కార్లను గుద్ది చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 3 స్టార్లు, ఆపైన రావాలంటే కారులో ఇది ఉండి తీరాలి. అయితే బ్రేకులు కాలిపోయినా, టైర్లు అరిగినా, వేగం మలుపు హద్దు దాటినా దీని వల్ల అయ్యేది తక్కువే.

పొడి అక్షరాల గోల

కారు కొందామని షోరూముకి వెళ్తే చేతిలో పెట్టే బ్రోచర్‌లో భద్రత పేజీ నిండా పొడి అక్షరాలే. ఏబీఎస్, ఈబీడీ, టీసీఎస్, ఈఎస్‌పీ అని వరుసగా ఉంటాయి, పక్కన టిక్కులుంటాయి. ఎయిర్‌బ్యాగులు ఎన్ని అని అడగడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. ఎయిర్‌బ్యాగుల్ని లెక్కపెట్టుకోవచ్చు, నాలుగు కంటే ఆరు ఎక్కువ అని ఎవరికైనా తెలుస్తుంది. ఈఎస్‌సీ అలా కాదు. కంటికి కనిపించదు, నెలల తరబడి నడిపినా ఒక్కసారి కూడా పని చేసినట్టు అనిపించకపోవచ్చు. అందుకే సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ కోసం అదనంగా డబ్బు పెట్టేవాళ్లు కూడా దీని గురించి అడగడం మర్చిపోతారు.

పేర్లు కూడా గందరగోళంగానే ఉంటాయి. కార్ల విడిభాగాలు చేసే బాష్, కార్లు చేసే మెర్సిడెస్ దీన్ని ఈఎస్‌పీ అంటాయి. టయోటా వీఎస్‌సీ అంటుంది, హోండా వీఎస్‌ఏ అంటుంది, బీఎండబ్ల్యూ డీఎస్‌సీ అంటుంది. కంపెనీకో పేరు ఉన్నా లోపలి పని దాదాపు ఒకటే. చట్టాల్లో, పరీక్షల్లో వాడే ఉమ్మడి పేరు ఈఎస్‌సీ.

మలుపులో నిజంగా జరిగేది

కారుకీ రోడ్డుకీ ఉన్న సంబంధమల్లా నాలుగు టైర్లు నేలను తాకే చోటే. ఒక్కో టైరు నేలను తాకే జాగా దాదాపు ఒక అరచేయంత. టన్నుకు పైగా బరువున్న బండిని ముందుకు నడపాలన్నా, ఆపాలన్నా, పక్కకు తిప్పాలన్నా ఆ నాలుగు అరచేతుల పట్టు మీదే ఆధారం. ఈ పట్టుకి ఒక హద్దుంది. బ్రేకుకి ఎక్కువ వాడేస్తే తిరగడానికి తక్కువ మిగులుతుంది, తిరగడానికి అంతా వాడేస్తే బ్రేకుకి మిగలదు. నెల జీతం లాంటిదన్నమాట: అద్దెకి ఎక్కువ పోతే సరుకులకి తగ్గుతుంది.

మలుపులో కారును లోపలి వైపు లాగి పట్టుకోవడానికి కావాల్సిన బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 70కి పెంచితే వేగం పెరిగింది ఆరో వంతే, కావాల్సిన పట్టు మాత్రం 36 శాతం పెరుగుతుంది. అంకెల్లో ఇంకొంచెం చూద్దాం. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు, సమతలంగా ఉన్న రోడ్డు అనుకుంటే, పొడి తారు మీద మామూలు టైరుతో 70 కిలోమీటర్ల దగ్గర హద్దు వస్తుంది. అదే రోడ్డు తడిసి పట్టు బాగా తగ్గితే హద్దు 56 దగ్గరికి దిగిపోతుంది. కంకర, ఇసుక పరుచుకుని ఉంటే 50 కూడా ఎక్కువే కావచ్చు. ఇవి సుమారు లెక్కలు. టైరును బట్టి, రోడ్డు వాలును బట్టి మారతాయి. కానీ అదే మలుపు ఒకరోజు 65లో హాయిగా తిరిగి, ఇంకోరోజు అదే వేగంలో బండిని బయటికి విసిరేయడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

తెలుగు జిల్లాల్లో ఈ పట్టు తగ్గే కారణాలు వానతోనే అయిపోవు. కోతల కాలంలో రోడ్డు మీద సగం వరకూ ధాన్యం ఆరబోస్తారు. ఎడమ చక్రాలు గింజల మీద, కుడి చక్రాలు తారు మీద నడుస్తాయి. ఇసుక ట్రాక్టరు వెళ్లిన దారిలో మలుపు దగ్గరే ఇసుక ఎక్కువ ఒలుకుతుంది, ఎందుకంటే ట్రాక్టరు ఒరిగేది అక్కడే. ఒక పక్క పట్టు ఉండి ఇంకో పక్క లేకపోవడం అన్నది డ్రైవరుకి అన్నిటికంటే కష్టమైన పరిస్థితి. ఈఎస్‌సీ ఎక్కువగా అక్కరకొచ్చేదీ అలాంటి చోట్లే.

ముక్కు జారడం, తోక జారడం

హద్దు దాటినప్పుడు నాలుగు టైర్లూ ఒక్కసారే పట్టు వదలవు. ముందువి ముందుగా వదిలితే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ముక్కు తిరగదు, బండి మలుపు బయటి అంచు వైపు నేరుగా పోతుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. వెనకవి ముందుగా వదిలితే తోక బయటికి ఊగి, బండి అడిగిన దానికంటే ఎక్కువగా తిరిగిపోతుంది. ఇది ఓవర్‌స్టీర్. ముదిరితే బండి బొంగరంలా తిరుగుతుంది.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలా వాటికి ఇంజన్ బలం ముందు చక్రాలకే అందుతుంది. వాటిని మామూలుగా ముక్కు ముందు జారేలాగే తయారు చేస్తారు. డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ వదిలితే వేగం తగ్గి, ముక్కు మళ్లీ దారికి వస్తుందని ఉద్దేశం. కానీ మలుపు మధ్యలో ఒక్కసారిగా కాలు తీసేస్తే బరువు ముందుకి ఒరిగి వెనక టైర్లు తేలికవుతాయి. దానికి తోడు కంగారులో బ్రేకు కూడా తొక్కితే, ముక్కు జారాల్సిన బండే తోక జారుతుంది. మామూలు డ్రైవరుకి ఇది అర్థమయ్యే లోపే అయిపోతుంది. తోక కుడికి పోతుంటే స్టీరింగ్ కూడా కుడికే తిప్పాలని పుస్తకాల్లో ఉంటుంది. సాధన లేనివాళ్ల చేతులు మాత్రం ఆలస్యంగా తిప్పుతాయి, లేదంటే మోతాదు మించి తిప్పుతాయి. మోతాదు మించితే బండి రెండో వైపుకి ఇంకా గట్టిగా విసురుకుంటుంది.

నాలుగు బ్రేకు పెడల్స్

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. డ్రైవరుకి ఉన్నది ఒక్కటే బ్రేకు పెడల్. కుడి ముందు చక్రానికి మాత్రం బ్రేకు వేద్దామని ఎంత అనుభవం ఉన్న డ్రైవరు అనుకున్నా, వేసే మార్గం లేదు. ఈఎస్‌సీకి ఆ మార్గం ఉంది. డ్రైవింగ్ నైపుణ్యానికీ ఈ పరికరానికీ పోలిక పెట్టి వాదించేవాళ్లు చాలామంది ఈ తేడాను వదిలేస్తారు.

పని మొదలయ్యేది కొలతలతో. ప్రతి చక్రం దగ్గరా దాని వేగాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది. స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చెప్పే సెన్సర్ స్టీరింగ్ కాలమ్ దగ్గర ఉంటుంది. బండి తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతోందో, పక్కకి ఎంత బలంగా విసురుకుంటోందో కొలిచే సెన్సర్లు సాధారణంగా బండి మధ్య భాగంలో ఉంటాయి. డ్రైవరు బ్రేకును ఎంత గట్టిగా తొక్కాడో చెప్పే ప్రెషర్ సెన్సర్ ఇంకొకటి.

స్టీరింగ్ కోణం, బండి వేగం, ముందు వెనక చక్రాల మధ్య దూరం తెలిస్తే బండి సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరగాలో కంప్యూటర్ లెక్క కట్టగలదు. నిజంగా ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో సెన్సర్ చెబుతుంది. ఈ రెండిటి మధ్య తేడాయే మొత్తం కథ. బాష్ చెప్పే లెక్క ప్రకారం ఈ పోలిక సెకనుకి 25 సార్లు జరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు పోలికల మధ్య కారు ముందుకు కదిలేది దాదాపు 67 సెంటీమీటర్లే. డ్రైవరుకి విషయం తెలిసి కాలు కదిలేసరికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆ లోపు బండి 16 మీటర్లు దాటిపోతుంది.

అయితే కంప్యూటర్ స్టీరింగ్ మాటను గుడ్డిగా నమ్మదు. తడి రోడ్డు మీద కంగారులో స్టీరింగ్ మొత్తం తిప్పేస్తే, అంత తిరగడానికి టైర్లకి పట్టు ఉండదు. బండిని బలవంతంగా అలా తిప్పితే బొంగరమే అవుతుంది. అందుకని ఆ రోడ్డు మీద ఎంత తిరగడం సాధ్యమో అంచనా వేసి, అడిగిన దాన్ని ఆ హద్దు దగ్గర కత్తిరిస్తుంది. డ్రైవరు కోరికా, రోడ్డు ఒప్పుకున్నదీ, ఈ రెండిటిలో ఏది తక్కువైతే దాన్నే లక్ష్యంగా పెట్టుకుంటుంది.

ఒక మలుపు, నెమ్మదిగా చూస్తే

పైన చెప్పిన 50 మీటర్ల మలుపునే తీసుకుందాం. ఎడమకి తిరిగే మలుపు, వేగం 60. ఈ దారిలో బండి సెకనుకి దాదాపు 19 డిగ్రీల చొప్పున ఎడమకి తిరుగుతూ ఉండాలి. మలుపు సగంలో వెనక చక్రాలు ఇసుక మీదికి వచ్చాయనుకుందాం. తోక కుడికి జారడం మొదలవుతుంది. స్టీరింగ్ కదల్లేదు, కానీ సెన్సర్‌లో 19 కాస్తా 22, 25 అని పెరుగుతోంది.

లోపల వాల్వులు తెరుచుకుంటాయి, చిన్న పంపు తిరుగుతుంది, కుడి ముందు చక్రానికి మాత్రమే బ్రేకు పడుతుంది. డ్రైవరు కాలు పెడల్ మీద లేకపోయినా సరే. మలుపుకి బయటి వైపున్న ముందు చక్రానికే ఎందుకంటే, అప్పుడు బండి బరువు ఎక్కువగా ఒరిగి ఉండేది దాని మీదే. బరువున్న చోటే బ్రేకు బాగా పడుతుంది. కుడి వైపు పట్టి లాగినట్టవుతుంది కాబట్టి బండి ఎడమకి తిరిగే ఊపు తగ్గుతుంది. పైగా బ్రేకు పడిన ఆ టైరుకి పక్క పట్టు కొంత తగ్గి, ముక్కు లోపలికి దూసుకెళ్లడం కూడా నెమ్మదిస్తుంది. సెన్సర్‌లో అంకె మళ్లీ 19 దగ్గరికి రాగానే బ్రేకు వదిలేస్తుంది. ఇదంతా డ్రైవరుకి తెలిసేది ఒక చిన్న గరగర శబ్దంగా, డ్యాష్‌బోర్డులో పసుపు లైటు మినుకుమనడంగా.

ముక్కు జారితే సీన్ రివర్స్. అదే ఎడమ మలుపులో లోపలి వెనక చక్రం, అంటే ఎడమ వెనక చక్రానికి బ్రేకు పడుతుంది. ఎడమ వైపు పట్టి లాగడం వల్ల ముక్కు ఎడమకి తిరుగుతుంది. కాకపోతే మలుపులో అన్నిటికంటే తక్కువ బరువు మోసే చక్రం అదే. దాని మీద ఎంత బ్రేకు వేసినా వచ్చే బలం తక్కువ. అందుకే ముక్కు జారినప్పుడు ఈఎస్‌సీ ఇంజన్ బలాన్ని కూడా కోసేస్తుంది, అవసరమైతే మిగతా చక్రాలకి కూడా బ్రేకు వేసి వేగం తగ్గిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగడం లేదని డ్రైవర్లు గాభరా పడేది ఇలాంటప్పుడే. అది లోపం కాదు, కావాలని చేసిన పనే. మొత్తమ్మీద తోక జారడాన్ని ఆపినంత బాగా ముక్కు జారడాన్ని ఆపడం ఈ విధానానికి కుదరదు.

ఏబీఎస్ ఉంది కదా, ఇదెందుకు?

ఎక్కువమందికి వచ్చే అనుమానం ఇదే. ఏబీఎస్ 1978లో బాష్ తయారీగా మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూడటం దాని పని. బిగుసుకుపోయిన చక్రం జారుతుందే తప్ప తిరగదు, కాబట్టి ఏబీఎస్ ఉంటే బ్రేకు వేస్తూ కూడా స్టీరింగ్ తిప్పుకోవచ్చు. ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచేది ఈబీడీ. యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కినప్పుడు చక్రం ఉత్తినే గిర్రున తిరగకుండా ఆపేది ట్రాక్షన్ కంట్రోల్, అదే టీసీఎస్.

ఈ మూడిటికీ తెలిసింది చక్రాల సంగతి మాత్రమే. బండి ఏ వైపు చూస్తోంది, ఏ వైపు పోతోంది అన్నది వాటికి పట్టదు. నాలుగు చక్రాలూ చక్కగా తిరుగుతూ ఉండగానే బండి అడ్డంగా జారిపోవచ్చు, ఏబీఎస్ దృష్టిలో అంతా బాగానే ఉన్నట్టు లెక్క. దిక్కును కూడా గమనించేది ఈఎస్‌సీ ఒక్కటే. వస్తువుగా చూస్తే ఏబీఎస్‌కి మరికొన్ని వాల్వులు, రెండు మూడు సెన్సర్లు, చాలా సాఫ్ట్‌వేర్ కలిపితే ఈఎస్‌సీ. ఈఎస్‌సీ ఉన్న కారులో ఏబీఎస్ ఉంటుంది, ఏబీఎస్ ఉన్న ప్రతి కారులో ఈఎస్‌సీ ఉంటుందని అనుకోకూడదు. మన దేశంలో కొత్త మోడల్ కార్లకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. బ్రోచర్‌లో ఏబీఎస్ టిక్కు చూసి అన్నీ ఉన్నాయనుకునే పొరపాటు ఎక్కువగా జరిగేది అందుకే.

గుంతలో పడిన కారు, బోల్తా పడిన కారు

ఈ ఆలోచన పుట్టుక గురించి ఆటోమొబైల్ రంగంలో చెప్పుకునే కథ ఒకటుంది. 1989లో స్వీడన్‌లో చలికాలపు పరీక్షలు చేస్తున్న మెర్సిడెస్ ఇంజనీరు ఫ్రాంక్-వెర్నర్ మోన్ కారు మంచులో జారి రోడ్డు పక్క గుంతలో పడింది. లాగే బండి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, ఏబీఎస్‌కి బండి దిక్కు కూడా తెలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చిందట. బండి తిరుగుడును కొలవడానికి మొదట్లో బొమ్మ హెలికాప్టర్‌లోని గైరోస్కోప్ కూడా వాడి చూశారని చెబుతారు. బాష్ వైపు ఈ పనిని నడిపించినవారు ఆంటన్ వాన్ జాంటెన్. ఆయనకి 2016లో యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డుల్లో జీవిత సాఫల్య పురస్కారం దక్కింది. రెండు కంపెనీలూ కలిసి 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కూపేలో దీన్ని మార్కెట్లోకి తెచ్చాయి.

అక్కడే ఉండిపోయి ఉంటే ఇది ధనవంతుల కార్లలో ఒక హంగుగా మిగిలేది. దాన్ని మామూలు కార్లలోకి దింపింది ఒక పరువు నష్టం. 1997 అక్టోబరులో మెర్సిడెస్ ఏ-క్లాస్ అనే చిన్న కారును విడుదల చేసింది. పొట్టిగా, ఎత్తుగా ఉండే బండి. స్వీడన్ పత్రిక టెక్నికెన్స్ వార్ల్డ్ విలేకరులు దానితో దుప్పి పరీక్ష చేశారు. రోడ్డు మీదికి హఠాత్తుగా అడవి దుప్పి వస్తే తప్పించి మళ్లీ తన లేన్‌లోకి రావడం ఆ పరీక్ష. గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంలో ఏ-క్లాస్ బోల్తా పడింది. ఆ ఫొటోలు యూరప్ అంతా తిరిగాయి. జర్మన్ భాషలో దుప్పి పరీక్ష అన్న మాటే ఒక నానుడి అయిపోయింది. కొన్ని వారాలు తటపటాయించిన మెర్సిడెస్ చివరికి డెలివరీలు ఆపేసి, సస్పెన్షన్ మార్చి, ప్రతి ఏ-క్లాస్‌లోనూ ఈఎస్‌పీ పెట్టి 1998లో మళ్లీ అమ్మకానికి తెచ్చింది. చిన్న కారులో పెట్టాక, పెద్ద కార్లలో లేకపోవడం ఎబ్బెట్టుగా తోచింది. పెద్ద సంఖ్యలో తయారీ మొదలవడంతో ఖర్చూ తగ్గింది.

కొద్దికాలానికే ఆడి కంపెనీ స్పోర్ట్స్ కారు టీటీది అలాంటి కథే. జర్మనీలో ఆటోబాన్‌లు అనే హైవేల మీద ఎక్కువ వేగంలో తోక జారి ప్రమాదాలు జరగడంతో సస్పెన్షన్ మార్పులు చేసి, వెనక రెక్క లాంటి స్పాయిలర్, ఈఎస్‌పీ జోడించారు.

ఎంత మేలు చేసింది?

అమెరికాలో బీమా కంపెనీల సొమ్ముతో నడిచే రోడ్డు భద్రత సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం, ఈఎస్‌సీ ఉన్న బండ్లలో ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 43 శాతం తగ్గింది. ఇంకో బండి ప్రమేయం లేకుండా తనంతట తాను ప్రమాదానికి గురైన బండ్లను మాత్రమే చూస్తే తగ్గుదల 56 శాతం. ప్రాణాలు తీసే ఒంటరి బోల్తాల్లో ఎస్‌యూవీలకి 80 శాతం, కార్లకి 77 శాతం.

అంకెల్లోని తేడాకి కారణం ఉంది. ఒంటరి ప్రమాదం అంటే చాలాసార్లు బండి అదుపు తప్పి రోడ్డు దిగడమే, ఈఎస్‌సీ చూసుకునేది సరిగ్గా దాన్నే. సిగ్నల్ దగ్గర ముందున్న బండిని గుద్దడం, రాంగ్ సైడ్‌లో వచ్చే బైకు, లైట్లు లేకుండా ఆగిన లారీ ఇలాంటివి దిక్కు తప్పడం వల్ల వచ్చేవి కావు. అక్కడ దీని పాత్ర తక్కువ. బోల్తాల్లో అంత తగ్గుదల ఎందుకంటే, నున్నటి రోడ్డు మీద దానంతట అదే బోల్తా పడే బండి అరుదు. ముందు అడ్డంగా జారి, తర్వాత మట్టి అంచుకో డివైడరుకో చక్రం తట్టుకుని దొర్లుతుంది. అడ్డంగా జారడం ఆగితే దొర్లడమూ ఆగుతుంది. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీల మీద మన దగ్గర ఇప్పుడున్న మోజు దృష్ట్యా ఈ ఒక్క అంకె గట్టిగా గుర్తుంచుకోవాల్సింది.

అమెరికా ప్రభుత్వం 2007లో నిబంధన తెచ్చి, 2012 మోడల్ సంవత్సరం నుంచి తేలికపాటి బండ్లన్నిటికీ తప్పనిసరి చేసింది. యూరప్‌లో కొత్త మోడళ్లకి 2011 నవంబరు నుంచి, కొత్తగా అమ్మే కార్లన్నిటికీ 2014 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది.

అమెరికా పరీక్ష తీరు ఆసక్తికరం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఒక యంత్రం స్టీరింగ్‌ను ఒక వైపు తిప్పి, వెంటనే రెండో వైపుకి తిప్పి, అక్కడ అర సెకను పట్టి ఉంచి వదులుతుంది. స్టీరింగ్ నేరుగా అయిన ఒక్క సెకనుకి బండి తిరుగుడు తన గరిష్ఠంలో 35 శాతానికి, 1.75 సెకన్లకి 20 శాతానికి తగ్గిపోవాలి. దీంతోపాటు ఇంకో షరతు: పరీక్ష మొదలైన 1.07 సెకన్లలో బండి కనీసం 1.83 మీటర్లు పక్కకి జరగాలి. ఈ రెండో షరతు లేకపోతే, స్టీరింగ్ తిప్పినా అసలు తిరగని బండిని తయారు చేసి పాసైపోవచ్చు. జారకపోవడం ఒక్కటే చాలదు, ఎదురుగా వచ్చిన గేదెను తప్పించగలగాలి కూడా.

స్టార్లకీ దీనికీ లింకు

మన దేశంలో ఈ చర్చ 2023 అక్టోబరు 1న భారత్ ఎన్‌క్యాప్ మొదలయ్యాక ఊపందుకుంది. కంపెనీలు స్వచ్ఛందంగా తమ కార్లను ఇచ్చి గుద్ది చూపించే పథకం ఇది. కారును గోడకి గుద్ది స్టార్లు ఇచ్చే చోట గుద్దకుండా ఆపే పరికరం ఎందుకొచ్చిందని కొందరి ప్రశ్న. 3 స్టార్లు, ఆపైన కావాలంటే ఈఎస్‌సీ ఉండాలన్న షరతు దానికి జవాబు. గుద్దుడును ఎంత బాగా తట్టుకున్నా ఇది లేకపోతే రేటింగు కింద ఆగిపోతుంది. ఇలాంటి పరీక్షలే చేసే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ కూడా 2022 జులై నుంచి మన మార్కెట్ కార్లకి మంచి రేటింగు ఇవ్వడానికి దీన్ని షరతుగా పెట్టింది. స్టార్లు ప్రకటనల్లో పెద్ద అక్షరాలైపోయిన మార్కెట్లో, ఈ షరతు చేసినంత పని, ఈఎస్‌సీని తప్పనిసరి చేసే నిబంధన గురించి ఏళ్ల తరబడి సాగిన చర్చ చేయలేదనిపిస్తుంది. ఏమైనా కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: టాప్ మోడల్‌లో ఉందా అని కాదు, నేను కొంటున్న వేరియంట్‌లో ఉందా అని.

ఘాట్ రోడ్డులో ఇది ఏం చేయలేదు

మారేడుమిల్లి, అరకు, శ్రీశైలం, తిరుమల దారుల్లో నడిపేవాళ్లకి ఈఎస్‌సీ పనికొస్తుంది, సందేహం లేదు. కానీ దాని ఆయుధం బ్రేకే. దిగుడులో గేరు తగ్గించకుండా కిలోమీటర్ల తరబడి బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకు ప్యాడ్లు కాగి పట్టు పోతుంది. డ్రైవరు తొక్కినా పడని బ్రేకు, కంప్యూటర్ వేస్తే మాత్రం ఎలా పడుతుంది? రెండో గేరులో దిగమని పాత డ్రైవర్లు చెప్పే మాట ఈ కార్లకీ వర్తిస్తుంది.

వేగం సంగతీ అంతే. 56 దగ్గర హద్దున్న తడి మలుపులోకి 75లో వెళ్తే తిరగడానికి కావాల్సిన పట్టు ఆ రోడ్డు మీద లేదు. ఈఎస్‌సీ బండిని బొంగరం కాకుండా ఆపి, కొంత వేగం తగ్గించి, ముక్కు ముందుగా రోడ్డు దింపుతుంది. అడ్డంగా వెళ్లి చెట్టుకి తలుపు తగలడం కంటే ముందు భాగం తగలడం నయం, ఎందుకంటే గుద్దినప్పుడు నలిగి దెబ్బను మింగే క్రంపుల్ జోన్, ఎయిర్‌బ్యాగులు ముందువైపే బలంగా ఉంటాయి. కానీ దాన్ని తప్పించుకోవడం అనలేం.

నిలిచిన నీళ్ల మీద టైరు తేలిపోతే నేలతో సంబంధమే తెగుతుంది, అప్పుడు ఏ చక్రానికి బ్రేకు వేసినా ఫలితం ఉండదు. నున్నగా అరిగిన టైర్లున్న కారులో ఈఎస్‌సీ పాడవదు, కాకపోతే పంచడానికి దాని దగ్గర పట్టే ఉండదు. యాత్రలకి వెళ్తూ టాప్ క్యారియర్ మీద సామాను ఎత్తుగా కట్టినా లెక్క మారుతుంది. బరువు పైకి వెళ్తే బండి ఒరగడం పెరుగుతుంది, కంప్యూటర్‌లోని లెక్కలు మాత్రం మామూలు బండి కోసం రాసినవి.

ఆఫ్ బటన్, పసుపు లైటు

చాలా కార్లలో ఆఫ్ బటన్ కూడా ఉంటుంది. బురదలోనో బీచ్ ఇసుకలోనో చక్రాలు కూరుకుపోతే బయటపడాలంటే అవి కాస్త గిర్రున తిరగాలి. ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ బలం కోసేస్తూ ఉంటే బండి కదలదు. ఆ బటన్ పనికొచ్చేది అక్కడ. గట్టి నేల మీదికి రాగానే మళ్లీ ఆన్ చేయాలి. చేయకపోయినా ఇంజన్ ఆపి స్టార్ట్ చేసినప్పుడు చాలా కార్లలో దానంతట అదే ఆన్ అవుతుంది. ఆఫ్ చేస్తే మైలేజీ పెరుగుతుందని వినిపించే మాటకి ఆధారం లేదు, మామూలుగా నడిచేటప్పుడు అది చక్రాలను ముట్టుకోదు.

డ్యాష్‌బోర్డులో జారిన గీతలతో ఉండే చిన్న కారు బొమ్మే దీని గుర్తు. మినుకు మినుకుమంటే పని చేస్తోందని అర్థం: రోడ్డు జారుతోంది, కాలు నెమ్మదించమని. ఆగకుండా వెలుగుతూనే ఉంటే లోపం ఉందని. వీల్ అలైన్‌మెంట్ లేదా స్టీరింగ్ పని చేయించాక ఈ లైటు వెలిగితే, స్టీరింగ్ సెన్సర్‌కి నేరు స్థానం మళ్లీ నేర్పించాల్సి ఉంటుంది. స్కానర్ ఉన్న వర్క్‌షాపులో అది చిన్న పనే. నేరుగా పోతున్నప్పుడు కూడా స్టీరింగ్ తిరిగి ఉందని సెన్సర్ అనుకుంటే, లెక్కంతా అక్కడే తప్పుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజులో ఉండాలని చెప్పేదీ అందుకే: సైజు మారితే చక్రం తిరిగే వేగం మారి, జారుతోందని పొరబడే అవకాశం ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు చూడాలి. మిగతా హెచ్చరిక లైట్లతో పాటు ఈ బొమ్మ కూడా కొన్ని సెకన్లు వెలిగి, ఆరిపోవాలి. ఆరకపోతే బేరంలో తగ్గించుకోవచ్చు. ఈఎస్‌సీ ఉండాల్సిన వేరియంట్‌లో అసలు వెలగనే వెలగకపోతే మాత్రం, లైటును ఎవరు ఎందుకు తీసేశారో అడగాలి.